గ్వెన్ ప్రాణం తీసింది పడటమా, పీటర్ వేసిన వెబ్బా?

విజయనగరం కోట జంక్షన్:
2014లో వచ్చిన 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 2' మీద మా ఇంట్లో గొడవ తెగడం లేదు. క్లాక్ టవర్‌లో స్పైడర్‌మ్యాన్ పీటర్ ప్రియురాలు గ్వెన్ కిందికి పడిపోతుంది. పీటర్ వదిలిన వెబ్, అంటే సాలెదారం, చివర చెయ్యిలా విచ్చుకుని ఆమెను అందుకుంటుంది, అయినా ఆమె బతకదు. వెబ్ కుదుపుకే చనిపోయింది, తప్పు పీటర్‌దే అంటాడు మా తమ్ముడు. వెబ్ వెయ్యకపోతే మాత్రం బతికేదా?

ఆమదాలవలస మాస్టారు:
మీ తమ్ముడి మాట తీసెయ్యలేమమ్మా. ఈ చావు మొదట 1973 నాటి స్పైడర్‌మ్యాన్ కామిక్, 121వ సంచికలో వచ్చింది. అక్కడ వంతెన మీంచి పడుతున్న గ్వెన్‌ని పీటర్ వెబ్‌తో ఆపుతాడు. ఆమె మెడ పక్కన 'స్నాప్' అని చిన్నగా రాసి ఉంటుంది. ఉన్నట్టుండి ఆపడంతో వచ్చిన కుదుపే చంపిందని తర్వాత 125వ సంచిక ఉత్తరాల పేజీలో ఆ కామిక్ వాళ్లే రాశారు.

లెక్క చూడండి. గాలిని పక్కన పెడితే, 90 మీటర్లు పడేసరికి వేగం గంటకు 150 కిలోమీటర్లు. దాన్ని అర సెకనులో ఆపితే ఆమె బరువుకి తొమ్మిది రెట్లకు పైగా బలం పడుతుంది. మెడ ఏ భంగిమలో ఉందన్నదాన్ని బట్టే ప్రాణం.

పలాస టవర్ పని:
మాస్టారు చెప్పింది నిజం. సెల్ టవర్లు ఎక్కడమే నా పని. నడుముకి ఒక్క బెల్టు కట్టుకుని పడితే తాడు ఆపుతుంది గానీ నడుం పోతుంది. అందుకే తొడలకీ భుజాలకీ పట్టీలుండే బెల్టు వేసుకుంటాం. దాని తాడుకి మడతలు పెట్టి కుట్టిన పట్టీ ఒకటుంటుంది. పడితే ఆ కుట్లు తెగుతూ పట్టీ సాగుతుంది, మనిషి మెల్లగా ఆగుతాడు. సినిమాలో వెబ్ ఒక్కచోటే పట్టుకుంది. ఆ సీన్ నేను రెండోసారి చూడలేకపోయాను.

బొబ్బిలి అక్క:
అందరూ తాడు గురించే మాట్లాడుతున్నారు, ఆ పిల్ల సంగతి ఎవరికీ పట్టలేదు. రావొద్దని పీటర్ ఆమె చేతిని వెబ్‌తో కారుకి అంటించేసి వెళ్లాడు. ఆమె విడిపించుకుని వచ్చింది. తన నిర్ణయం తనదేనని చెప్పి మరీ కరెంటు గ్రిడ్ దగ్గర నిలబడింది. విలన్ ఎలక్ట్రో ఓడిపోవడంలో సగం పని ఆమెదే. పీటరే చంపాడంటే ఆమె తెగువకి విలువ లేకుండా పోతుంది. ఆమెకి దూరంగా ఉంటానని ఆమె తండ్రికిచ్చిన మాట తప్పానని పీటర్ కుమిలిపోవడం వేరు, అతన్ని మనం హంతకుణ్ణి చెయ్యడం వేరు.

విజయనగరం కోట జంక్షన్:
అక్కా, కామిక్‌లో ఆమెకి ఆ అవకాశమే లేదు, విలన్ గాబ్లిన్ ఎత్తుకుపోయాడంతే. సినిమా చేసిన మంచి మార్పు ఇదే. గడియారం ముల్లు 1:21 దగ్గర ఆగడం చూశారా? అది ఆ 121వ సంచికకి గుర్తు.

ఆ తమ్ముణ్ణి నేనే:
హంతకుడని నేననలేదు అక్కా. కానీ 2021లో వచ్చిన 'నో వే హోమ్' చూడండి. ఎమ్‌జే అనే అమ్మాయి పడిపోతుంటే అదే పీటర్ తనే దూకి ఆమెను చేతుల్లోకి తీసుకున్నాడు. తన వెబ్ వల్లే గ్వెన్ పోయిందని అతనికీ అనిపించబట్టే కదా?

ఆమదాలవలస మాస్టారు:
దూకి పట్టుకోవడం సరైన పద్ధతే బాబూ. ఇద్దరూ దాదాపు ఒకే వేగంతో పడుతుంటారు కాబట్టి పట్టుకునేటప్పుడు పెద్ద కుదుపు ఉండదు, తర్వాత నెమ్మదిగా ఆగొచ్చు.

బొబ్బిలి అక్క:
క్లాక్ టవర్‌లో కూడా దూకాడు తమ్ముడూ. అంతకుముందు పళ్ల చక్రం తిరగకుండా కాలు అడ్డం పెట్టి, సినిమాలో గాబ్లిన్ అయిన హ్యారీతో కొట్లాడుతూనే ఆమెను వెబ్‌తో పడకుండా పట్టి ఉంచాడు. ఆ చక్రాల్లో పడి వెబ్ తెగింది. తెగిన క్షణానే వెనకాలే దూకాడు, అప్పటికే ఆమె చేతికందనంత కిందుంది. వెబ్ తప్ప అతని దగ్గర ఇంకేముంది చెప్పు?