ఆఫీసులో చందాలు పోగేసి ఆశ్రమ పాఠశాలకు ఇద్దామనుకుంటున్నాం, డబ్బు ఎవరి ఖాతాలో వేయాలి?

రాయదుర్గం రాత్రిషిఫ్టు:
మాది హైదరాబాద్‌లో మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీ. అక్టోబర్ 2 నుంచి 8 దాకా దాన్ ఉత్సవ్ కదా, ఆ వారంలో క్యాంటీన్ పక్కన ఇంటి వంటల స్టాల్ పెట్టి, వచ్చిన డబ్బుతో ఉట్నూరు వైపు ఒక గిరిజన ఆశ్రమ పాఠశాల పిల్లలకు చలి ముదరకముందే రగ్గులు కొనిద్దామని మా ఫ్లోర్ వాళ్లం అనుకున్నాం. సర్వపిండి ఒకరు, పులిహోర ఒకరు, వండేవాళ్లకు కొదవ లేదు. గొడవంతా డబ్బు దగ్గరే. టీమ్ లీడ్ తన ఫోన్‌పేకే అందరూ కొట్టేయండి అంటున్నాడు, పైగా మనిషికి వెయ్యి అని గ్రూపులో పెట్టి, ఇచ్చినవాళ్ల పేర్ల పక్కన టిక్కులు పెడుతున్నాడు. కొత్తగా చేరినవాళ్లు నోరు మెదపలేక ఇచ్చేస్తున్నారు. కొందరు ఆదాయపన్ను మినహాయింపుకు 80జి రసీదు ఇస్తారా అంటున్నారు, ఇంకొకరు లక్కీ డ్రా పెడదామంటున్నారు. ఇలాంటిది చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

పద్దుల పంతులు:
టీమ్ లీడ్ ఖాతాలో పడ్డ డబ్బుకు 80జి రసీదు ఎవరిస్తారండీ? ఆ గుర్తింపు ఉన్న ట్రస్టుకు ఎవరికి వారు తమ పాన్ నంబరు ఇచ్చి నేరుగా పంపితేనే వస్తుంది. నగదుగా ఇస్తే 2,000 దాటకూడదు. రగ్గులో బియ్యమో కొనిస్తే మినహాయింపే లేదు, స్టాల్‌లో పులిహోర కొనుక్కుని తిన్న డబ్బు విరాళం కిందికి రాదు. అసలు కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 80జి వర్తించదు, కాబట్టి ముందు ఎంతమందికి ఆ రసీదు పనికొస్తుందో కనుక్కోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. లక్కీ డ్రా మాత్రం వద్దు. టికెట్లు అమ్మి డ్రా తీస్తే అది లాటరీయే, మన దగ్గర ప్రైవేటు లాటరీ నడపకూడదు.

బెజవాడ బుల్లోడు:
ఇంత చిన్న పనికి ట్రస్టులెందుకు బాస్? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా ఆఫీసువాళ్లం ఒకరి ఖాతాలోనే వేసుకుని పాలు, నీళ్ల సీసాలు కొని పట్టుకెళ్లాం. ట్రస్టు కోసం చూస్తూ కూర్చుంటే నీళ్లు తీసేవి కూడా.

పద్దుల పంతులు:
వరద వేరు, ఇది వేరు. వీళ్లకు తొందరేమీ లేదుగా.

హెచ్ఆర్‌లో ఒకప్పుడు:
నాకు ఖాతా కంటే ఆ టిక్కులే ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తున్నాయి. అప్రైజల్ రాసే మనిషే చందా అడిగితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? లీడ్ కాని ఇద్దరిని డబ్బు దగ్గర పెట్టండి, ఎవరెంత ఇచ్చారో ఆ ఇద్దరు తప్ప ఎవరూ చూడకూడదు. మొత్తం ఎంత వచ్చింది, దేనికి ఎంత పోయింది మాత్రం బిల్లులతో సహా గ్రూపులో పెట్టండి.

ఆదిలాబాద్ అక్క:
నేను ఆశ్రమ పాఠశాలలోనే పంతులమ్మను. రగ్గులు కొనే ముందు హెచ్ఎంకి ఫోన్ చేయండి తమ్ముడూ. రగ్గులు ప్రభుత్వమూ ఇస్తుంది, వచ్చే దాతలూ ఎక్కువగా అవే తెస్తారు. మా ఆడపిల్లలనడిగితే ప్యాడ్లు, లోపలి బట్టలు, స్వెటర్లు అంటారు, సైజులు కనుక్కుని తేవాలి గాని అన్నీ ఒకే సైజు తెస్తే మూలన పడతాయి. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) అనుమతి కూడా హెచ్ఎం ద్వారానే అడగండి. దసరా సెలవుల్లో వస్తే బడికి తాళం ఉంటుంది, దీపావళికి దండారి పండగ అని గోండు పిల్లలు మళ్లీ ఇళ్లకు పోతారు. అది అయ్యాక రండి. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీయడం మాత్రం పెట్టుకోకండి, పెద్ద తరగతుల పిల్లలు సిగ్గుపడతారు.

రాయదుర్గం రాత్రిషిఫ్టు:
అక్కా, హెచ్ఎంతో మాట్లాడాం, స్వెటర్లే కావాలన్నారు, సైజుల లిస్టు పంపుతామన్నారు. టిక్కుల షీటు తీయించేశాం, లీడ్ ముఖం మాడింది కానీ ఏమీ అనలేదు. ఇంకో సంగతి, మేం ఎంత పోగేస్తే కంపెనీ అంత కలుపుతుందట, కానీ ట్రస్టుకైతేనే ఇస్తామంటున్నారు.

పద్దుల పంతులు:
సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చు కింద చూపిస్తారేమో. 2021 ఏప్రిల్ నుంచి అలాంటి ట్రస్టుకు సీఎస్ఆర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ముందు అది అడగండి. స్వెటర్ల బిల్లు ట్రస్టు పేరు మీదే తీసుకోండి, హెచ్ఎం చేత ముట్టినట్టు కాగితం మీద సంతకం పెట్టించుకోండి.