బొగోటాలో వారాంతం: ఉప్పు గనికి వెళ్ళాలా, ఊళ్ళోనే తీరిగ్గా తిరగాలా?

కృష్ణలంక_కుర్రాడు
అందరికీ నమస్కారం. అమ్మను తీసుకుని కొలంబియా రాజధాని బొగోటా వెళ్తున్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు, వాళ్ళింట్లోనే దిగుతాం. శుక్రవారం రాత్రి చేరి సోమవారం సాయంత్రం బయల్దేరతాం. ఆ సోమవారం అక్కడ సెలవు. అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు, బీపీ మాత్ర వేసుకుంటుంది, మాంసం ముట్టదు. అన్నయ్యేమో "ఊళ్ళోనే హాయిగా తిరుగుదాం" అంటున్నాడు. అమ్మ సిపాకిరా అనే ఊళ్ళో ఉప్పు గనిలో ఉన్న చర్చి వీడియో చూసింది, అది చూడాలని ఉందంటోంది. ఏం చేయమంటారు?

సబానా_శ్రీను
మీ అన్నయ్య మాటే వినండి. నేను చాలా ఏళ్ళుగా బొగోటాలోనే ఉంటున్నాను. శనివారం పెద్ద ప్రోగ్రాం ఏదీ పెట్టుకోవద్దు. ఊరు ఉన్నదే 2,600 మీటర్ల ఎత్తున. మొదటి రోజు నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది. మధ్యాహ్నం లా కాండెలారియా పాత వీధుల్లో మెల్లగా నడిచి, కొలంబియా చిత్రకారుడు బొతేరో పేరుతో ఉన్న మ్యూజియం చూడండి. ఆయన తను చేసిన కళాకృతులు 123, తను సేకరించిన పికాసో, మోనే లాంటివాళ్ళవి 85 దేశానికి ఇచ్చేశాడు. టికెట్ లేదు. సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడుతుంది, ఆలోపే ఆ పేట దాటేయండి.

ఆదివారం మాత్రం వదులుకోకండి. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్ల మీదకు కార్లను రానివ్వరు. దీన్ని సిక్లోవియా అంటారు, 1974లో మొదలైంది. సెప్తిమా లాంటి పెద్ద రోడ్డు మీద తాతలు, చంటిపిల్లలు, కుక్కలు, స్కేట్లు కట్టుకున్న కుర్రాళ్ళు. సైకిల్ లేకపోయినా పర్లేదు, అమ్మగారు నడవగలిగినంత నడిస్తే చాలు. దారి పొడవునా నారింజ రసం, ఉప్పు జల్లి నిమ్మరసం పిండిన పచ్చిమామిడి ముక్కలు. అలా ఉత్తరంగా పోతే ఉసాకెన్‌లో ఆదివారం సంత. ఇవి చూడకుండా బొగోటా చూశామంటే నేను ఒప్పుకోను.

లెక్కల_మాస్టారు
బంగారం మ్యూజియం మర్చిపోయారు. ఆదివారం అక్కడ టికెట్ లేదు. ఆదివారం అక్కడికే వెళ్ళాలి.

సబానా_శ్రీను
మాస్టారూ, ఉచితం కాబట్టే ఆదివారం లోపల ఊపిరాడదు. శనివారం కొంచెం డబ్బు కట్టి ప్రశాంతంగా చూడొచ్చు.

లెక్కల_మాస్టారు
ఉచితంగా చూపించే రోజు ఉండగా డబ్బెందుకు కట్టడం?

తెనాలి_పద్మ
సైకిళ్ళు, సంతలు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. భూమిలో 180 మీటర్ల లోతున ఉప్పు రాయి తొలిచి కట్టిన చర్చి ఎన్ని ఊళ్ళలో ఉందండీ? పాతది ప్రమాదకరంగా మారితే మూసేసి, ఇప్పుడున్నది 1995లో తెరిచారు. పక్కన గని ఇంకా పనిచేస్తూనే ఉంది. క్రీస్తు సిలువ మోసిన పద్నాలుగు ఘట్టాలకు పద్నాలుగు గుహలు. అక్కడి ముయిస్కా జనం స్పెయిన్ వాళ్ళు రాకముందే ఆ ఉప్పు తీసి అమ్ముకునేవాళ్ళు. వాళ్ళ నేలలో బంగారం పెద్దగా లేదు. ఉప్పు, బట్టలు, పచ్చలు ఇచ్చి తెచ్చుకునేవాళ్ళు. అంటే మాస్టారు చెప్పే మ్యూజియంలో ముయిస్కాల బంగారు తెప్ప కూడా ఆ ఉప్పు చలవే.

ఎత్తు గురించి భయపెట్టకండి. సిపాకిరా ఎత్తూ బొగోటా ఎత్తూ ఇంచుమించు ఒక్కటే.

మియాపూర్_వాణి
భోజనం సంగతి ఎవరూ చెప్పలేదు. బంగాళదుంపల సూపు అహియాకో బాగుంటుందని అందరూ తాగమంటారు, అందులో కోడిమాంసం ఉంటుంది. ముక్కలు తీసేసినా మరిగించిన నీళ్ళు కోడివే. రాజ్మా కూరలో పంది ముక్కలు వేస్తారు, ముందే అడగండి. ఆంటీగారికి చీజ్ పెట్టిన అరెపా (మొక్కజొన్న రొట్టె), వేయించిన అరటికాయ, జామపండు హల్వా ముక్కతో చీజ్ ఇప్పించండి. లక్ష్మణఫలం జ్యూస్ పాలతో చేయించుకోండి, చాలా బాగుంటుంది.

సబానా_శ్రీను
పద్మ గారూ, మీరు దూరం లెక్క వేసుకోవడం లేదు. సిపాకిరా దాదాపు యాభై కిలోమీటర్లు. మామూలు శనివారమైతే సరే. ఇది సోమవారం సెలవు వచ్చే వారాంతం. 1983 చట్టంతో చాలా సెలవుల్ని సోమవారానికి జరిపారు కాబట్టి అలాంటి వారం సగం ఊరు బయటికి పోతుంది. శనివారం పొద్దున ఉత్తరం వైపు రోడ్డు మీద కారు కదలదు. గనిలో నడక కూడా తక్కువేం కాదు. వారాంతాల్లో టూరిస్టు రైలు ఉంది గానీ దానికి రోజంతా పోతుంది. పెద్దావిడను అంత శ్రమ పెట్టి తీసుకెళ్ళి ఫోటో దిగి రావడం విశ్రాంతి ఎలా అవుతుంది?

అనంత_బైకర్
మోన్సెరాతే కొండ ఎక్కండి బ్రో. కేబుల్ కార్ ఉంది. ఊరంతా కనిపిస్తుంది.

సబానా_శ్రీను
అది 3,152 మీటర్లు. బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా వద్దు.

తెనాలి_పద్మ
విశ్రాంతి, విశ్రాంతి! ఈ మాట నేను ఇంతకుముందే విన్నాను. మా నాన్నగారితో బొగోటా వచ్చినప్పుడు మేం దిగిన బంధువులు కూడా ఇదే అన్నారు. రెస్ట్ తీసుకోండి, ట్రాఫిక్ ఉంటుంది, వచ్చేసారి చూద్దాం. ఫ్లాట్‌లో కూర్చుని టీవీ చూశాం, పక్కనున్న మాల్‌కి వెళ్ళాం. నాన్నగారు ఒక్కమాట అనలేదు. ఇప్పుడు ఆయన మోకాళ్ళు వీధి చివరిదాకా కూడా తీసుకెళ్ళవు. అక్కడే ఉండేవాళ్ళకి వచ్చే ఆదివారం మళ్ళీ వస్తుంది శ్రీను గారూ. మాకు రాదు. ఈ పెద్దావిడ ఏం అడిగిందో మొదటి పోస్టులోనే ఉంది. దాని గురించి ఇక్కడ ఎవరైనా మాట్లాడారా?

సబానా_శ్రీను
మాట్లాడతాను. వచ్చినవాళ్ళందరినీ ఆ గనికి తీసుకెళ్ళింది నేనే. పొద్దున ఆరింటికి బయల్దేరి, మూడు గంటలు నడిపి, బయట కారు దగ్గర కాచుకుని, రాత్రి ఇంటికొచ్చి సోమవారం ఆఫీసు. లిస్టు రాసుకుని వస్తారు, టిక్కు పెట్టుకుంటారు, వెళ్ళిపోతారు. నేను ఇక్కడ ఎలా బతుకుతున్నానో, ఎవరితో మాట్లాడతానో, ఆదివారం ఏ చెట్టు కింద కూర్చుంటానో ఒక్క చుట్టం అడగలేదు. మా సొంత అక్క కూడా. సిక్లోవియా చూపిస్తానంటే "రోడ్డు మీద ఏముందిరా" అంది. నాకు ఆ రోడ్డే ఈ ఊరు.

తెనాలి_పద్మ
అది మీ అక్కగారికి చెప్పాల్సిన మాట. ఈయన అమ్మగారి మీద ఎందుకు చూపిస్తున్నారు?

సబానా_శ్రీను
మీ బంధువుల మీద కోపం మీరు నా మీద చూపిస్తున్నట్టే.

మియాపూర్_వాణి
ఇద్దరూ కొంచెం తగ్గండి. అసలు అడిగినాయన ఎక్కడ?

కృష్ణలంక_కుర్రాడు
ఇక్కడే ఉన్నానండి. ఇదంతా చదివాక అన్నయ్యకు ఫోన్ చేసి సూటిగా అడిగాను. వారమంతా డ్రైవింగ్‌తో అలసిపోతున్నాడట, అమ్మకు ఎలా చెప్పాలో తెలియక "ఊళ్ళోనే" అన్నాడు. సరే, వాడు రాకపోయినా పర్లేదు. శ్రీను గారూ, అమ్మా నేనూ వెళ్ళాలంటే ఏ రోజు నయం?

సబానా_శ్రీను
ఆదివారం. ఊరొదిలే జనం శనివారానికే వెళ్ళిపోతారు, తిరిగొచ్చేది సోమవారం. మధ్యలో ఆదివారం రోడ్డు ఖాళీగా ఉంటుంది. పోర్తాల్ నోర్తే బస్ స్టేషన్ నుంచి బస్సులుంటాయి, అమ్మగారికి టాక్సీ మాట్లాడుకుంటే ఇంకా సుఖం. లోపల చలిగా ఉంటుంది, శాలువా ఉంచుకోండి. సెలవు కాబట్టి సోమవారం కూడా సిక్లోవియా ఉంటుంది, రెండు దాకా. మీ అన్నయ్యని ఆ పొద్దున రమ్మనండి, కారు తీయక్కర్లేదు. నేనూ సెప్తిమా మీదే ఉంటాను. మీ అమ్మగారికి అభ్యంతరం లేకపోతే కలుద్దాం.

తెనాలి_పద్మ
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పి ఉండొచ్చు.

సబానా_శ్రీను
మీరు మొదటే మీ నాన్నగారి సంగతి చెప్పి ఉండొచ్చు.

లెక్కల_మాస్టారు
అలాగైతే మ్యూజియానికి మిగిలేది శనివారమే, టికెట్ కొనాలి. సోమవారం అసలు తెరవరు. మరోసారి ఆలోచించండి.