.32 రివాల్వర్‌కు లేజర్: ఎరుపా, ఆకుపచ్చా?

ప్రశ్న: నర్సంపేట దగ్గర మాకు రైస్ మిల్లు ఉంది. రాత్రిళ్లు క్యాష్‌తో హన్మకొండ వస్తుంటా. లైసెన్స్ ఉన్న కాన్పూర్ రివాల్వర్ ఉంది. దానికి గురి చుక్క చూపించే లేజర్ ఏ రంగుది తీసుకోవాలన్నా?

జవాబు: తమ్ముడూ, రంగు తర్వాత. దానికి గొట్టం కింద రైలే (లేజర్ లాంటివి బిగించే గాడి) లేదు, ఎక్కడ బిగిస్తావ్? పిడిలోనే లేజర్ ఉండేవి స్మిత్ అండ్ వెసన్, రూగర్ లాంటి అమెరికా కంపెనీల రివాల్వర్ల కొలతలకు చేసినవి. నీదానికి సరిపోయేది దొరికితే అప్పుడు రంగు సంగతి: ఆకుపచ్చ పగలు బాగా కనిపిస్తుంది, బ్యాటరీ తొందరగా తాగేస్తుంది. నీ పని రాత్రే కదా, ఎరుపు చాలు. ఇంకోటి, లేజర్ గొట్టానికి పక్కనో కిందో ఉంటుంది కాబట్టి ఒక దూరానికే చుక్కా తూటా కలుస్తాయి. ఏడు మీటర్లకు సరిచేయించు.

ఇంకో జవాబు: ఏది బిగించినా ముందు పోలీస్ కమిషనరేట్‌లో అడుగు అన్నా. మిల్లు క్యాష్ పగలే బ్యాంకులో వేయొచ్చుగా?