55 అంగుళాలా, 65 అంగుళాలా? 4కే టీవీ కొనడానికి వెళ్లి బుర్ర వేడెక్కి తిరిగొచ్చాను

పాతటీవీ_యజమాని:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 40 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ పదేళ్లకు పైగా పనిచేసి, మొన్న తెర మధ్యలో నిలువునా ఒక నల్ల గీత గీసుకుని కూర్చుంది. బాగు చేయించడం దండగ అన్నారు. సరే, ఈసారి పెద్దది, 4కే స్మార్ట్ టీవీ తీసుకుందామని దుకాణానికి వెళ్తే ఒకాయన క్యూఎల్ఈడీ అన్నాడు, ఇంకొకాయన ఓఎల్ఈడీ తప్ప మిగతావి చూడొద్దన్నాడు, మూడో ఆయన మాత్రం ఎలాగూ కొంటున్నారు కదా 8కే తీసుకోండి, ఇంకో పదేళ్లు చూసుకోనక్కర్లేదు అన్నాడు. అక్కడ గోడ నిండా ఉన్న టీవీలన్నీ నాకు ఒకేలా ధగధగా మెరుస్తూ కనిపించాయి, ఏం తేడా పట్టలేకపోయాను.

మా పరిస్థితి ఇది. సోఫాలో కూర్చుంటే కళ్ల దగ్గర నుంచి గోడకి ఎనిమిదిన్నర అడుగులు. గది పక్కన పెద్ద కిటికీ ఉంది, పగలు వెలుతురు బాగా వస్తుంది. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నాన్నగారు వార్తల చానెల్ పెట్టుకుని ఉంటారు, రాత్రి మేం సినిమాలు చూస్తాం, సెలవు రోజుల్లో మా వాడు పీఎస్5 కన్సోల్‌లో గేములు ఆడతాడు. 55 సరిపోతుందా, 65 మరీ పెద్దదైపోతుందా? ప్యానెల్ ఏది? స్మార్ట్ ఫీచర్లలో ఏం చూడాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

టేపు_కొలత:

ముందు సైజు తేల్చేద్దాం, మిగతావి దాని తర్వాతే. టీవీ సైజు అంటే మూల నుంచి మూలకి కొలత, దాంతో చాలామంది మోసపోతారు. 55కీ 65కీ పది అంగుళాలే కదా తేడా అనుకుంటాం కానీ తెర వైశాల్యం లెక్కేస్తే 65 దాదాపు 40 శాతం ఎక్కువ.

సినిమా వాళ్లకి కొన్ని కోణాల లెక్కలు ఉన్నాయి. తెర మన చూపులో కనీసం 30 డిగ్రీలు ఆక్రమించాలని ఎస్ఎంపీటీఈ వాళ్లు, 40 డిగ్రీలైతే థియేటర్‌లో కూర్చున్నట్టు ఉంటుందని టీహెచ్ఎక్స్ వాళ్లు అంటారు. మీ ఎనిమిదిన్నర అడుగుల దూరానికి నేను లెక్కేశాను: 55 అయితే 26 డిగ్రీలు, 65 అయితే 31, 75 అయితే 36 దగ్గర. అంటే 55 మీకు చిన్నదే. 65 సరిగ్గా సరిపోతుంది, 75 కూడా తప్పేం కాదు.

ఇంకో సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. 4కే అంటే 3840 అడ్డం, 2160 నిలువు, మొత్తం 83 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. కానీ చూపు బాగున్న మనిషి కన్ను విడదీసి చూడగలిగే దానికి ఒక హద్దు ఉంది కదా, ఆ లెక్కన 55 అంగుళాల తెరని ఏడు అడుగుల కంటే దూరం నుంచి చూస్తే ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా తెలియడం కష్టం. 65కి ఆ హద్దు ఎనిమిదిన్నర అడుగుల దగ్గర ఉంటుంది, అంటే మీరు సరిగ్గా గీత మీద కూర్చున్నారు. ఇక 8కే సంగతి మీరే ఊహించుకోండి. 8కేలో తీసిన సినిమాలు, సిరీస్‌లు చూడ్డానికి దొరకడమే అరుదు, దొరికినా మీ సోఫాలోంచి కనపడదు. ఆ డబ్బు మంచి ప్యానెల్ మీద పెట్టండి.

గోడమీద_బల్లి:

పైన అన్న చెప్పిందంతా కరెక్టే కానీ డిగ్రీలు ఎవడికి అర్థమవుతాయి 😀 పాత పేపర్లు అతికించి 144 సెంటీమీటర్లు అడ్డం, 81 నిలువు వచ్చేలా గోడ మీద పెట్టండి. అదే 65. రెండు రోజులు అలాగే వదిలేయండి. ఇంట్లో గొడవ అయితే 55, కాకపోతే 65. కూర్చున్నప్పుడు కళ్లు తెర మధ్యకి వచ్చే ఎత్తులో అతికించండి, పైకి పెట్టి మెడ నొప్పి తెచ్చుకోకండి.

నల్లటి_నలుపు:

ప్యానెల్ గురించి నేను చెప్తాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

క్యూఎల్ఈడీ, ఓఎల్ఈడీ పేర్లు వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ సంబంధమే లేదు. క్యూఎల్ఈడీ అంటే మామూలు ఎల్‌సీడీ టీవీయే, వెనక ఎల్ఈడీ లైట్లు ఉంటాయి, మధ్యలో క్వాంటమ్ డాట్ల పొర ఒకటి ఉండి రంగులు బాగా చూపిస్తుంది. ఓఎల్ఈడీలో వెనక లైటే ఉండదు, ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, నలుపు చూపించాలంటే ఆ చుక్క ఆరిపోతుంది, అంతే. అందుకే చీకటి గదిలో రాత్రి సీన్ చూస్తే ఓఎల్ఈడీని మించింది లేదు. మామూలు ఎల్‌సీడీలో వెనక లైటు కొంచెం కారుతుంది కాబట్టి నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. మినీ ఎల్ఈడీ అనేది మధ్యేమార్గం: వెనక వేల కొద్దీ చిన్న చిన్న లైట్లు, వాటిని విభాగాలుగా విడగొట్టి చీకటి ఉన్నచోట ఆర్పేస్తారు. విభాగాలు ఎన్ని ఉంటే అంత మంచిది. తక్కువుంటే నల్ల తెర మీద తెల్ల అక్షరాల చుట్టూ పొగలాంటి వెలుగు కనిపిస్తుంది.

ఇప్పుడు మీ ఇంటి విషయం. పగలంతా వెలుతురు, పగలంతా వార్తలు. వార్తల చానెల్ అంటే మూలన లోగో, కింద స్క్రోలింగు, ఎర్ర పట్టీ, ఇవన్నీ ఉన్నచోటే గంటల తరబడి ఉంటాయి. ఓఎల్ఈడీలో ఆ చుక్కలు మిగతా వాటికంటే ముందు అరిగిపోయి మచ్చలా మిగిలిపోయే ప్రమాదం ఉంది, దాన్నే బర్న్ఇన్ అంటారు. నాన్నగారిని చానెల్ మార్చమని చెప్పడం కంటే ప్యానెల్ మార్చుకోవడం తేలిక కదా. నా ఓటు మినీ ఎల్ఈడీకి.

అందులోనూ వీఏ ప్యానెలా, ఐపీఎస్ ప్యానెలా అని కనుక్కోండి. వీఏలో నలుపు బాగుంటుంది కానీ పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి, ఐపీఎస్‌లో దీనికి తిరగేసి. అందరూ ఎదురుగా సోఫాలోనే కూర్చుంటారనుకుంటే వీఏ. హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడాల్ని ఇంకా బాగా చూపించే పద్ధతి) అని డబ్బా మీద రాసుంటే నమ్మేయకండి, తెర వెలుగు 300 నిట్స్ ఉన్న టీవీ మీద కూడా ఆ ముద్ర వేస్తారు, ఆ వెలుగుతో హెచ్‌డీఆర్ అందం ఏమీ కనపడదు. 1000 నిట్స్ దగ్గర్లో ఉంటే అప్పుడు సూర్యుడు సూర్యుడిలా ఉంటాడు. మరో మాట, హెచ్‌డీఆర్‌లోనూ రకాలున్నాయి, సామ్‌సంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. మీరు ఎక్కువగా చూసే యాప్ ఏది ఇస్తుందో చూసుకుని ఎంచుకోండి, నా వరకు అదేం ప్రాణం మీదికి వచ్చే తేడా కాదు.

రాత్రి_సినిమా:

ఓఎల్ఈడీ అంటే అంత భయపెట్టకండి బాబూ. నాలుగేళ్లుగా వాడుతున్నాను, ఒక్క మచ్చ లేదు. చూడటం అయ్యాక రిమోట్‌తో ఆపి గోడ స్విచ్ మాత్రం వేసే ఉంచాలి, ఎందుకంటే కొన్ని గంటలు చూశాక అది స్టాండ్‌బైలో ఉన్నప్పుడు తనని తాను సరిచేసుకుంటుంది. వెంటనే ప్లగ్ పీకేసే అలవాటు ఉన్నవాళ్లే దాన్ని పాడుచేసుకుంటారు. అయితే ఒప్పుకోవాలి, మా ఇంట్లో వార్తలు పెట్టేవాళ్లు ఎవరూ లేరు. రోజుకి పది గంటలు ఒకే చానెల్ అంటే నేనూ ధైర్యం చేయను.

పాతటీవీ_యజమాని:

అందరికీ చాలా థ్యాంక్స్. పది గంటలు అని మీరు తక్కువే చెప్పారు 🙂 అయితే మినీ ఎల్ఈడీ వైపే మొగ్గుతున్నాను. రెండు డౌట్లు. ఒకటి, మా వాడు 120 హెర్ట్జ్ ఉండాల్సిందే అని పట్టుబడుతున్నాడు, నిజంగా అవసరమా? రెండు, మా నాన్నగారు చూసే చానెళ్లలో చాలావరకు ఎస్‌డీవే (హెచ్‌డీ కాని పాత రకం), పెద్ద తెర మీద బాగుంటాయా?

హెచ్‌డీఎంఐ_పురుగు:

మీవాడు చెప్పింది నిజమే. పీఎస్5 నుంచి 4కే బొమ్మ సెకనుకి 120 సార్లు రావాలంటే ప్యానెల్ అసలు 120 హెర్ట్జ్ అయి ఉండాలి, పోర్టు హెచ్‌డీఎంఐ 2.1 అయి ఉండాలి. ఇక్కడ రెండు గోతులున్నాయి. మోషన్ రేట్ 120, 200 అని ఏవేవో పేర్లతో రాస్తారు, లోపల ప్యానెల్ 60 హెర్ట్జే ఉంటుంది, కాబట్టి నేటివ్ రిఫ్రెష్ రేట్ ఎంత అని అడగండి. రెండోది, హెచ్‌డీఎంఐ 2.1 అని రాసుంటే సరిపోదు, ఆ పేరు కింద అన్ని సౌకర్యాలూ ఇవ్వాలన్న నియమం లేదు, 4కే 120 తీసుకుంటుందా అని విడిగా చూడాలి. చాలా టీవీల్లో అలాంటి పోర్టులు రెండే ఉంటాయి, అందులో ఒకటి సౌండ్‌బార్ పెట్టే ఈఆర్క్ పోర్టే అవుతుంది. కన్సోల్ ఒకటే అయితే ఇబ్బంది లేదు.

సినిమాలకీ 120 మంచిదే. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, 120ని 24తో భాగిస్తే సరిగ్గా 5 వస్తుంది, 60ని భాగిస్తే రెండున్నర, అందుకే 60లో కెమెరా మెల్లగా పక్కకి తిరిగితే బొమ్మ కుదుపుతుంది. అలాగని మోషన్ స్మూతింగ్ (మధ్యలో టీవీయే కొత్త ఫ్రేములు కల్పించి బొమ్మని నునుపు చేయడం) మాత్రం ఆన్‌లో ఉంచకండి, పెద్ద సినిమా కూడా డైలీ సీరియల్ అయిపోతుంది. 2018లో టామ్ క్రూజ్ అంతటివాడు వీడియో పెట్టి మరీ బతిమాలాడు దాన్ని ఆపేయమని. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టుకోండి. దుకాణంలో ధగధగ అన్నారే, అది వివిడ్ మోడ్, ఇంట్లో ఆ మోడ్‌లో చూస్తే కళ్లు పోతాయి.

ఎస్‌డీ సంగతి అంటారా, నిజం చెప్పాలంటే బాగోదు. 720 బై 576 అంటే నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. వాటిని సాగదీసి 83 లక్షలు నింపాలి, అంటే ఒక్కో చుక్కకి 20 చుక్కలు టీవీయే ఊహించుకోవాలి. ఖరీదైన ప్రాసెసర్ ఉంటే కాస్త నయం, కానీ అది కూడా మంత్రం వేయదు. ఆ చానెల్‌కి హెచ్‌డీ ఉంటే దానికి మారిపోండి. కొనేముందు దుకాణంలో వాళ్ల డెమో వీడియో కాకుండా మామూలు చానెల్ పెట్టించి చూడండి, సగం టీవీల రంగు అక్కడే బయటపడుతుంది.

ఒకసారి_కాలింది:

స్మార్ట్ ఫీచర్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా ఏడుపు నేను ఏడుస్తాను. పేరు చెప్పను కానీ ఒక కంపెనీ టీవీ కేవలం యాప్‌లు చాలా ఉన్నాయని, రిమోట్‌లో మాట్లాడితే వింటుందని కొన్నాను. రెండేళ్లకి అప్‌డేట్లు ఆగిపోయాయి, మూడో ఏడు నేను రోజూ చూసే యాప్ ఈ టీవీలో ఇక పనిచేయదు అని చెప్పేసింది. మెనూ తెరుచుకునే లోపు కాఫీ తాగి రావచ్చు. చివరికి చిన్న స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి వెనక గుచ్చితే అన్నీ సర్దుకున్నాయి, కానీ ప్యానెల్ మాత్రం అదే నాసిరకం ప్యానెల్, దాన్ని ఏ స్టిక్కూ బాగుచేయలేదు. కాబట్టి టీవీ లోపలి సాఫ్ట్‌వేర్ గూగుల్ టీవీ అయినా వెబ్‌ఓఎస్ అయినా టైజెన్ అయినా దాని గురించి రాత్రిళ్లు ఆలోచించకండి.

ఇంకోటి, సెటప్‌లో అన్నిటికీ ఓకే నొక్కేయకండి. మీరు ఏం చూస్తున్నారో తెర మీది బొమ్మని బట్టి పసిగట్టి పంపే సదుపాయం చాలా టీవీల్లో ఉంటుంది. 2017లో అమెరికాలో విజియో కంపెనీ 1.1 కోట్ల టీవీల నుంచి అలా అనుమతి లేకుండా వివరాలు సేకరించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ దగ్గర వెతికి ఆపేయండి. ఇంటర్నెట్ అంటారా, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెప్తారు, కాకపోతే గంటకి 7 జీబీ దాకా లాగేస్తుంది, డేటాకి పరిమితి ఉంటే చూసుకోండి.

పాతటీవీ_యజమాని:

గోడ మీద పేపర్లు అతికించాను. మా ఆవిడ రెండు రోజులు ఏమీ అనలేదు. నాన్నగారు మాత్రం కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లి ఆ పేపర్లలోని పాత వార్తలన్నీ చదివి, తర్వాత సోఫాలో కూర్చుని చూసి, ఇంకో రెండు పేపర్లు అతికించు అన్నారు. నవ్వుకున్నాం కానీ 75 మా బడ్జెట్‌లో లేదు. 65, మినీ ఎల్ఈడీ, వీఏ, 120 హెర్ట్జ్, అంతవరకు ఖాయం. ఇప్పుడు కొత్త టెన్షన్ ఏంటంటే మా టీవీ బల్ల 110 సెంటీమీటర్లే, టీవీయేమో 144. ఆగుతుందా?

టేపు_కొలత:

టీవీ వెడల్పు కాదండీ, కాళ్ల మధ్య దూరం చూడాలి. కొన్నిటికి కాళ్లు రెండు చివర్లలో ఉంటాయి, అవి మీ బల్ల మీద నిలవవు. కొన్నిటికి మధ్యలో ఒకటే పీఠం, కొన్నిటికి కాళ్లు లోపలికి జరుపుకునే ఏర్పాటు ఉంటుంది. కొలత స్పెసిఫికేషన్ల పేజీలో ఉంటుంది, ఉండకపోతే టేపు తీసుకెళ్లి అక్కడే కొలవండి, సిగ్గుపడకండి. గోడకి బిగించేట్టయితే వెనక స్క్రూల మధ్య దూరం, అదే వెసా (VESA) సైజు, మీ బ్రాకెట్‌కి సరిపోవాలి. తెచ్చేటప్పుడు డబ్బాని నిలబెట్టే తేవాలి, పడుకోబెట్టనివ్వకండి. ఇంటికొచ్చాక మొదటి రోజే తెర నిండా బూడిద రంగు బొమ్మ ఒకటి పెట్టి మచ్చలు, చచ్చిన చుక్కలు ఉన్నాయేమో చూడండి, మార్చి ఇచ్చే గడువు అయ్యేదాకా డబ్బా పారేయకండి.

గోడమీద_బల్లి:

ఆ పేపర్లు కూడా పారేయకండి, నాన్నగారు ఇంకా చదవాల్సినవి ఉన్నాయేమో 😀