ఎయిర్ పిస్టల్‌కి తీసి పెట్టుకునే డాట్ సైట్: ఓపెన్ సైట్ జీరో చెదరకుండా ఎలా బిగిస్తున్నారు?

వేకువ_గురి

అందరికీ నమస్కారం. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. చత్వారం వచ్చాక సాయంత్రం ప్రాక్టీసులో ఫ్రంట్ సైట్ అంచు మసకబారుతోంది. మ్యాచ్‌కి ఓపెన్ సైటే (అద్దం లేకుండా, ముందు ఫ్రంట్ సైట్, వెనక రియర్ సైట్ ఉండే మామూలు గురి), అందులో మార్పు లేదు. ఇంటి సాధనకు మాత్రం చిన్న రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్కతో గురి చూపే సైట్) పెట్టుకుని, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు నా చెయ్యి ఏం చేస్తోందో కళ్లారా చూసుకోవాలని ఉంది.

మొదటిసారి ఏం చేశానో చెబుతాను. రియర్ సైట్ మొత్తం విప్పేసి, ఆ స్క్రూ రంధ్రాల్లోనే ఒక అల్యూమినియం ప్లేట్ బిగించి, దాని మీద డాట్ కూర్చోబెట్టాను. గ్రూపులు (కార్డు మీద పెల్లెట్లు పడిన గుంపులు) బాగానే వచ్చాయి. వారం తర్వాత ప్లేట్ తీసి రియర్ సైట్ మళ్లీ బిగిస్తే, గ్రూపు మొత్తం ఎడమకి, ఎనిమిదో రింగులోకి జరిగిపోయింది. సైట్‌ని సర్దే స్క్రూ క్లిక్కులు తిప్పుకుంటూ వెనక్కి తెచ్చుకునేసరికి మూడు సాయంత్రాలు పట్టింది. ఆ జీరో (గురి పెట్టిన చోటే పెల్లెట్ పడేలా చేసిన సర్దుబాటు) మీద నమ్మకం కుదురుకోవడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

ఓపెన్ సైట్‌ని ముట్టుకోకుండా డాట్ పెట్టి తీస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎక్కడ, దేనికి బిగిస్తున్నారు?

ఆరు_గంటల_పట్టు

వేకువ గారూ, రియర్ సైట్ జోలికి అసలు వెళ్లకండి. అది ఒకసారి విప్పితే మళ్లీ అదే చోట కూర్చుంటుందని ఆశపడటం దండగ.

ముందు నియమం సంగతి, కొత్తవాళ్ల కోసం. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమాల ప్రకారం ఎయిర్ పిస్టల్‌కి ఓపెన్ సైట్లే. ఆప్టికల్, అద్దం, టెలిస్కోప్, లేజర్ ఏవీ కుదరవు. పిస్టల్ 1500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బరువు 500 గ్రాములకు తగ్గకూడదు, మొత్తం పిస్టల్ 420×200×50 మి.మీ. పెట్టెలో పట్టాలి. అందుకే మ్యాచ్‌కి వెళ్లేటప్పుడు డాట్‌తో పాటు మౌంట్ (డాట్‌ని పిస్టల్‌కి పట్టి ఉంచే బిగింపు) కూడా ఇంట్లోనే వదిలేస్తాను.

నా పిస్టల్ ఫ్రేమ్‌కి పైన రెండు పక్కలా సన్నని గాడి ఉంది. దాన్ని పట్టుకునే వంతెన లాంటి మౌంట్ చేయించుకున్నాను. డాట్ రియర్ సైట్‌కి కొంచెం ముందు కూర్చుంటుంది, రియర్ సైట్ తన చోట తను ఉంటుంది. గాడి లేని పిస్టల్ ఉన్నవాళ్లకి సిలిండర్ మీద బిగిద్దామా అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. అందులో 200 బార్ల గాలి ఉంటుంది, దాని మీద గీత గానీ సొట్ట గానీ పడటానికి వీల్లేదు. పైగా గాలి నింపడానికి విప్పిన ప్రతిసారీ మీ జీరో కూడా దానితోనే పోతుంది.

ఇంకొకటి. అలెన్ కీ చేతిలోకి తీసుకోకముందే పెల్లెట్ లేదని చూసి, లోడింగ్ పోర్ట్ తెరిచి, బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (బ్యారెల్ ఖాళీ అని చూపే రంగు తీగ) పెట్టండి. నేనైతే సిలిండర్ కూడా విప్పి పక్కన పెడతాను. సైట్ బిగించేటప్పుడు మన ధ్యాసంతా స్క్రూల మీదే ఉంటుంది, మూతి ఎటు తిరిగిందో చూసుకోం.

అలెన్_కీ

మెషీన్ షాపులో పని చేసేవాడిగా నాలుగు మాటలు.

గాడి 11 మి.మీ. డవ్‌టెయిల్ (పక్కలు ఏటవాలుగా ఉన్నది) అయితే దానికి తగ్గ మౌంటే తీసుకోండి. పికటిన్నీ (అడ్డ గాడులున్న వెడల్పు రైల్) మౌంట్‌ని మధ్యలో ముక్కలు పెట్టి సర్దితే అది ఎప్పటికీ ఒక చోట నిలవదు. పికటిన్నీ రైల్‌కి అడ్డంగా ఉండే గాడి వెడల్పు 5.23 మి.మీ. మౌంట్ అడ్డ బోల్టు అంతకన్నా సన్నం, కాబట్టి వెంట్రుకవాసి ఆట ఉంటుంది. తీసి పెట్టినప్పుడల్లా జీరో మారుతోందని బాధపడేవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఈ ఆటనే. బిగించే ముందు మౌంట్‌ని బొటనవేలితో ముందుకు నెట్టి, బోల్టు గాడి ముందు గోడకి ఆనిందని వేలికి తెలిశాకే స్క్రూ తిప్పండి. ప్రతిసారీ ఒకే వైపుకి నెట్టాలి, అది ముఖ్యం.

రెండు స్క్రూలుంటే ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లొద్దు. అరతిప్పు ఇటు, అరతిప్పు అటు. టార్క్ డ్రైవర్ (బిగింపు బలం కొలిచే స్క్రూడ్రైవర్) ఉంటే సరే. లేకపోతే కీ పొట్టి కొమ్మును రెండు వేళ్లతో పట్టుకుని, అది ఆగిన చోట ఆపేయండి. తర్వాత మౌంట్ మీద నుంచి రైల్ మీదకి గోళ్లరంగుతో సన్నని గీత గీస్తే, తర్వాతిసారి తప్పు జరిగితే గీతే చెప్పేస్తుంది. స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు థ్రెడ్‌లాకర్‌ని డాట్‌ని మౌంట్‌కి పట్టే స్క్రూలకి మాత్రమే, అదీ నీలం రకం వాడండి. రోజూ విప్పే స్క్రూలకి వద్దు.

త్రీడీ ప్రింట్ మౌంట్లు ఆశగా చూస్తున్నవాళ్లకి: పీఎల్‌ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో తలుపులు మూసిన కారులో పెట్టెతో సహా వదిలేసిన నా మొదటి మౌంట్ ఒక పక్కకి ఒరిగిపోయింది. మీద నుంచి చూస్తే ఏమీ తెలియలేదు, టార్గెట్ కార్డు చెప్పింది.

మౌంట్ నికరమైనదో కాదో తెలుసుకోవాలంటే ఒకే కార్డు మీద ఐదు పెల్లెట్లు కొట్టండి, తీయండి, పెట్టండి, మళ్లీ ఐదు. ఇలా ఐదుసార్లు. 25 రంధ్రాలు ఒకే గుంపుగా ఉంటే మౌంట్ మంచిది. వేరువేరు గుంపులుగా కనిపిస్తే మౌంట్ కదులుతోంది.

చత్వారం_నేస్తం

మౌంట్ ఎంత బాగున్నా కన్ను సంగతి మర్చిపోకూడదు. డాట్ పెట్టెల మీద పారలాక్స్ (కన్ను పక్కకి జరిగితే గురి మారడం) లేదని రాసి ఉంటుంది. మన 10 మీటర్లకి ఆ మాట నమ్మకండి. 50 మీటర్లకి సెట్ చేసిన డాట్ అనుకుందాం. అందులో చుక్క అద్దం మధ్య నుంచి 5 మి.మీ. పక్కకి ఉండగా పేలిస్తే, కార్డు మీద 4 మి.మీ. తేడా వస్తుంది. రింగుకీ రింగుకీ మధ్య దూరమే 8 మి.మీ. అంటే సగం రింగు మన తల ఎక్కడుందన్న దాని మీదే పోయింది!

పిస్టల్‌ని ఇసుక సంచి మీద కదలకుండా ఆనించి, చుక్కని పది మీద పెట్టి, పిస్టల్ ముట్టుకోకుండా తల మాత్రం ఎడమకీ కుడికీ జరిపి చూడండి. చుక్క కార్డు మీద పాకుతుంది. నేను చేసిన ఉపాయం: ముందు అద్దానికి నల్ల టేపు అంటించి మధ్యలో 8 మి.మీ. రంధ్రం వదిలాను. తల తప్పితే చుక్కే కనపడదు. మొదటి రెండు రోజులు చిరాకు పుట్టింది, మూడో రోజుకి మెడ తనంతట తను ఒకే చోటికి రావడం నేర్చుకుంది.

చుక్క సైజు కూడా చూసి తీసుకోండి. ఒక ఎంఓఏ (కోణం కొలత, డిగ్రీలో 60వ వంతు) అంటే 10 మీటర్ల దగ్గర 2.9 మి.మీ. 3 ఎంఓఏ చుక్క 8.7 మి.మీ. అవుతుంది, 11.5 మి.మీ. పది రింగు లోపల చక్కగా ఇముడుతుంది. 6 ఎంఓఏ అయితే పదిని పూర్తిగా మింగేస్తుంది. వెలుతురు వీలైనంత తగ్గించండి. చుక్క నక్షత్రంలా, తోకచుక్కలా కనిపిస్తే సైట్‌ని కంటి ముందు గుండ్రంగా తిప్పండి. ఆకారం కూడా తిరిగితే లోపం సైట్‌ది. తిరగకుండా అలాగే ఉంటే అది కంటిలోని ఆస్టిగ్మాటిజం, కళ్ల డాక్టర్ని కలవాలి. నాది రెండోదని అలాగే తెలిసింది.

కొత్త_చెయ్యి

నాది స్ప్రింగ్ పిస్టల్ అండీ. దీనికీ ఇవే పద్ధతులా? రైఫిల్ స్కోప్ ఒకటి ఇంట్లో ఉంది, అది పెట్టొచ్చా?

అలెన్_కీ

స్కోప్ వద్దు తమ్ముడూ. రైఫిల్ స్కోప్‌కి కన్ను 8, 10 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. చెయ్యి చాచి పట్టుకుంటే నల్ల గుండ్రం మధ్యలో చిన్న వెలుతురు తప్ప ఏమీ కనపడదు. డాట్‌కి ఆ ఇబ్బంది లేదు. అయితే స్ప్రింగ్ పిస్టల్ వెనక్కీ ముందుకీ రెండుసార్లు తంతుంది, మౌంట్ మెల్లగా జారుతుంది. స్టాప్ పిన్ (జారకుండా ఆపే పిన్ను) ఉన్న మౌంట్ తీసుకో. మీ పిస్టల్ పై భాగాన్నే ఎత్తి కాక్ చేసే (స్ప్రింగ్ బిగించే) రకమైతే, మౌంట్ పెట్టాక చెయ్యి పట్టడానికి చోటుంటుందో లేదో ముందే చూసుకో.

నిశ్చలం

ఒక మాట చెప్పకుండా ఉండలేను. డాట్ పెట్టుకున్న మొదటి నెలలో నా స్కోరు పడిపోయింది. చుక్క వణుకుతూనే ఉంటుంది. ఓపెన్ సైట్‌తోనూ చెయ్యి అంతే వణికేది, కానీ కనపడేది కాదు. కనపడేసరికి టెన్షన్ పెరిగి, చుక్క పదిని దాటే క్షణం కోసం కాచుకుని ట్రిగ్గర్ గుంజడం మొదలైంది. ఆ గుంజుడు ఓపెన్ సైట్‌కి తిరిగి వచ్చాక కూడా వదల్లేదు.

డాట్‌తో చూపు టార్గెట్ మీద ఉంటుంది. ఓపెన్ సైట్‌తో ఫ్రంట్ సైట్ మీద ఉండాలి. రెండూ కంటికి వేరువేరు అలవాట్లు. అందుకే ఇప్పుడు డాట్‌తో నల్ల వృత్తం ఉన్న కార్డే పెట్టను, ఉత్త తెల్ల కాగితం పెడతాను. చుక్క ఎక్కడుందని కాదు, ట్రిగ్గర్ విడిచిన క్షణంలో ఎటు ఎగిరిందన్నదే చూస్తాను. నాకు ప్రతిసారీ ఎడమ కిందకి ఎగిరేది. ఉంగరం వేలు ముందుగా బిగుస్తోందని అక్కడే పట్టుకున్నాను. మ్యాచ్‌కి రెండు వారాల ముందు డాట్ పెట్టెలోకి వెళ్లిపోతుంది.

వేకువ_గురి

ఆలస్యానికి మన్నించండి, చేసి చూశాకే రాద్దామని ఆగాను. నా పిస్టల్‌కీ పక్క గాడి ఉంది, ఇన్నాళ్లూ అది అందానికే అనుకున్నాను. 11 మి.మీ. మౌంట్ సరిపోయింది. మొదట జీరో కోసం 5 మీటర్లకి కార్డు పెడితే పెల్లెట్లన్నీ చుక్కకి ఒకటిన్నర సెంటీమీటర్ కింద పడ్డాయి. కంగారుపడి క్లిక్కులు తిప్పబోయాను. డాట్ బ్యారెల్ కన్నా 4 సెంటీమీటర్లు పైన ఉందని గుర్తొచ్చి ఆగి, అదే సెట్టింగ్‌తో 10 మీటర్లకి వెళ్తే చుక్క మీదే పడ్డాయి.

అలెన్ కీ గారి పరీక్షలో మొదటిసారి రెండు గుంపులు వచ్చాయి. మౌంట్‌ని ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి నెట్టానని గోళ్లరంగు గీత చూస్తే తెలిసింది. సరిచేసి మళ్లీ చేస్తే 25 పెల్లెట్లు ఒకే గుంపు. నిశ్చలం గారూ, తెల్ల కాగితం మీద నా చుక్క కుడికి ఎగురుతోంది, ఎందుకో ఇంకా పట్టుకోలేదు.

నిన్న డాట్ తీసి ఓపెన్ సైట్‌తో పది పెల్లెట్లు కొట్టాను. ఒక్క క్లిక్కు కూడా తిప్పాల్సిన పని పడలేదు.