నడుము నుంచి కాలిలోకి దిగే నరం నొప్పి: ఫిజియోతో తగ్గినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మానేరుతీరం
అందరికీ నమస్తే. మా ఆయన వయసు 46. బియ్యం బస్తా ఎత్తుతుంటే నడుము పట్టేసింది. వారం తిరక్కుండానే నొప్పి ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా దిగింది. రాత్రిళ్లు అటు తిరిగినా ఇటు తిరిగినా నరం గుంజుతోందని నిద్రపోవట్లేదు. ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుము చివరి పూస కింద, డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో వచ్చింది. ఆరు వారాలు ఫిజియో చేయించండి, తగ్గకపోతే ఆపరేషన్ సంగతి మాట్లాడదాం అన్నారు డాక్టర్. ఇంత నొప్పిలో ఎక్సర్‌సైజులు చేయొచ్చా? ఇంటికొచ్చే ఫిజియో సరిపోతారా, క్లినిక్‌కే వెళ్లాలా? ఆయనది ఆటో. బండి మళ్లీ ఎప్పుడు తీయొచ్చో, మాకు అదే పెద్ద టెన్షన్.

గోదారిగట్టు
అక్కా, ఆపరేషన్ అని ఇప్పుడే బెంగపెట్టుకోకండి. నాదీ ఎల్5-ఎస్1నే. బోర్లా పడుకుని, ముందు మోచేతుల మీద, తర్వాత అరచేతుల మీద ఛాతీ పైకి లేపే ఎక్సర్‌సైజుతో బాగుపడ్డాను. తుంటి భాగం మంచానికి ఆనుకునే ఉండాలి, లేచేది పైభాగమే. మొదట్లో పిక్కలో నొప్పి తగ్గి నడుములో పెరిగింది. ఇంట్లో వాళ్లు కంగారుపడి ఆపేయమన్నారు. మా ఫిజియో మాత్రం అదే మంచి గుర్తు అన్నాడు. నొప్పి పాదం, పిక్క వదిలి నడుము వైపు చేరుతుంటే దారిలో పడ్డట్టే. అదే పాదం వైపు దిగుతుంటే ఆ ఎక్సర్‌సైజు అక్కడికక్కడే ఆపాలి. కరెంటు కూడా పెట్టించండి, ఐఎఫ్‌టీ అనే కరెంటు మిషన్ పెట్టిన పూట హాయిగా నిద్రపడుతుంది.

లెస్టర్‌వాసి
మిగతాదంతా ఒప్పుకుంటాను కానీ కరెంటు దగ్గర ఆగండి. ఇక్కడ బ్రిటన్‌లో ఏ చికిత్స ఇవ్వాలో గైడ్‌లైన్లు రాసే నైస్ సంస్థ 2016లోనే స్పష్టంగా చెప్పింది: నడుము నొప్పికి, సయాటికాకు (కాలిలోకి దిగే ఈ నరం నొప్పికే ఆ పేరు) టెన్స్, ఐఎఫ్‌టీ లాంటి కరెంటు మిషన్లు, అల్ట్రాసౌండ్, నడుమును లాగి ఉంచే ట్రాక్షన్ ఇవ్వొద్దని. ఉపయోగం ఉందని చెప్పేంత ఆధారం దొరకలేదు. మన దగ్గరేమో ఫిజియో అంటేనే కరెంటు. మా నాన్నగారిని ఊళ్లో ఒక క్లినిక్‌కు తీసుకెళ్తే వరసగా మిషన్లు పెట్టి, ఎక్సర్‌సైజుల జిరాక్స్ కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఒక్కటైనా దగ్గరుండి చేయించలేదు. ఆయనకు 74 ఏళ్లు, ఆ కాగితం చూసి ఏం చేస్తారు?

బీపీటీ_విశాఖ
నేను ఫిజియోథెరపిస్టుని. పదేళ్లు దాటింది, నా చేతి కింద నడిచి వెళ్లిన నడుము కేసులకు లెక్కలేదు. గైడ్‌లైన్ నేనూ చదివాను. నొప్పితో బోర్లా తిరగలేని మనిషిని ఎక్సర్‌సైజు చేయమంటే ఎలా చేస్తాడు? టెన్స్ పెట్టి నొప్పి కాసేపు అణిగితే, ఆ కాసేపట్లో కదిలిస్తాం. దాని వెనక 1965లో మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు చెప్పిన గేట్ సిద్ధాంతం ఉంది, వేరే స్పర్శ వెళ్తుంటే వెన్నుపాములో నొప్పి కబురుకు గేటు పడుతుందని, గాల్లో పుట్టింది కాదు. గోదారిగట్టు గారు చెప్పిన ఎక్సర్‌సైజు న్యూజిలాండ్ ఫిజియో రాబిన్ మెకంజీ పద్ధతి. 1956లో ఆయన దగ్గరికొచ్చిన పేషంట్ తల వైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకుంటే కాలి నొప్పి తగ్గింది. అక్కడి నుంచి మొదలైంది.

లెస్టర్‌వాసి
కాసేపు అణుగుతుందని మీరే అంటున్నారు. కాసేపటి సుఖానికి రోజూ డబ్బులు కట్టించుకోవడం దేనికి? ఆ ఆటో ఆయన పని మానుకుని ఇంట్లో ఉన్నాడు. ఆ డబ్బుతో దగ్గరుండి ఎక్సర్‌సైజులు నేర్పించొచ్చు కదా.

బీపీటీ_విశాఖ
మీ దగ్గర ఫిజియో అపాయింట్‌మెంట్‌కు వారాల తరబడి ఆగాలి, మా దగ్గర పేషంట్ ఆ సాయంత్రమే వస్తాడు. వచ్చినవాడు ఏడుస్తూ వస్తాడు. దూరం నుంచి లెక్చర్ ఇవ్వడం తేలిక సార్.

లెస్టర్‌వాసి
మా నాన్న నడుము గురించి మాట్లాడటానికి నాకు దూరం అడ్డం కాదు. లెక్చర్ అనే మాట వెనక్కి తీసుకోండి.

టీచరమ్మ
మీ ఇద్దరూ ఆగితే నేనొక మాట చెప్తా. మిషన్ల కన్నా కాపడంతో జాగ్రత్త. మా అమ్మకు షుగర్, పాదాల్లో స్పర్శ తక్కువ. ఒక చోట అడగకుండానే హాట్ ప్యాక్ పెట్టారు. ఆమెకు వేడి తెలియలేదు, ఇంటికొచ్చి చూస్తే బొబ్బలు. ఆ పుండు మానేసరికి ప్రాణం మీదికి వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లు ముందే చెప్పండి, చెప్పినా వినకపోతే లేచి వచ్చేయండి. నాకైతే భుజం బిగుసుకుపోయి, చెయ్యి వెనక్కి తిప్పి జడ వేసుకోలేని రోజులు చూశాను. తాడు కప్పీ, గోడ మీద వేళ్లు పాకించడం, వీటితోనే వచ్చింది. ఇప్పుడు బోర్డు మీద పై వరస నుంచి రాస్తున్నాను.

రాయలసీమబిడ్డ
ఇన్ని మిషన్లు, ఇన్ని డబ్బులు దేనికి? మా తమ్ముడి ముంజేయి విరిగితే పుత్తూరు కట్టు కట్టించాం. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. అంతే. ఎముక అతుక్కుంది. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి జనం ఊరికే వస్తారా?

బీపీటీ_విశాఖ
ఎముక అతుక్కోవడం వేరు, చెయ్యి పనిచేయడం వేరు. కట్టు ఏదైనా, సిమెంటు కట్టైనా సరే, విప్పాక మణికట్టు బిగుసుకుని ఉంటుంది, పిడికిలి పట్టు ఉండదు. అప్పుడే మా పని మొదలవుతుంది. కట్టు బిగువైతే రక్తం ఆడక కండరాలు, నరాలు చచ్చిపోయి వేళ్లు కొక్కెంలా వంగిపోతాయి. అలా వచ్చిన పిల్లవాణ్ణి చూశాను, వాడి చేతి గురించి తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా ఆ గంటలోనే కట్టు విప్పించాలి.

రాయలసీమబిడ్డ
ఎవడో తప్పుగా కట్టినదానికి మా ఊరి వైద్యాన్ని అంటారేంది? మీ ఆసుపత్రుల్లో తప్పులు జరగవా? మా తాతల కాలం నుంచి చూస్తున్నాం.

గోదారిగట్టు
అన్నా, ఆ అక్క అడిగింది డిస్క్ గురించి. జారిన డిస్క్‌కు కట్టు ఎక్కడ కడతారు? ఆ గొడవకు వేరే చర్చ పెట్టుకోండి.

మానేరుతీరం
అందరివీ చదువుతున్నాను. నిన్నటి నుంచి ఆయనకు ఎడమ కాలి చెప్పు జారిపోతోంది, జారినట్టు కూడా తెలియట్లేదు. ఇది మామూలేనా?

బీపీటీ_విశాఖ
అమ్మా, ఇది వెంటనే చూసుకోవాలి. ఇప్పుడే ఆయన్ని గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు, తర్వాత ఒంటికాలి మునివేళ్ల మీద లేవమనండి. కుడి కాలికీ ఎడమ కాలికీ తేడా కనిపిస్తే నరంలో బలం తగ్గుతోందని అర్థం. రేపు పొద్దున్నే డాక్టర్‌కు చూపించండి, ఫిజియో సంగతి ఆ తర్వాత. మూత్రం తెలియకుండా పోవడం, లేదా రాకపోవడం, మలద్వారం చుట్టూ, తొడల మధ్య తిమ్మిరి, వీటిలో ఏది ఉన్నా పొద్దున దాకా కూడా ఆగొద్దు. ఈ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్కడ గంటలు లెక్క.

లెస్టర్‌వాసి
ఈ విషయంలో ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అమ్మా, ఆలస్యం చేయకండి.

మానేరుతీరం
చూపించాం. బలం బాగానే ఉందట, పాదం బయటి అంచున స్పర్శ మాత్రమే తగ్గిందన్నారు. మూత్రం ఇబ్బంది లేదు. ఫిజియో మొదలుపెట్టమన్నారు, మునివేళ్ల మీద లేవలేకపోతే మాత్రం ఫోన్ చేయమన్నారు. డిస్క్ జారింది కదా, అది ఎప్పటికీ అలాగే ఉంటుందా?

బీపీటీ_విశాఖ
ఉండదు. బయటికి వచ్చిన ముక్కను చాలామందిలో శరీరమే నెలల్లో కరిగించుకుంటుంది, పెద్ద ముక్కలు ఇంకా బాగా తగ్గుతాయి. ఎమ్మారై కాగితం చూసి భయపడకండి. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, నడుము నొప్పే లేని మనుషుల్లో 20 ఏళ్లవాళ్లకే 30 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపించింది, 80 ఏళ్లకు 84 శాతం. తగ్గిందా లేదా అన్నది మనిషిని చూసి చెప్పాలి. తిమ్మిరి మాత్రం నొప్పి కన్నా ఆలస్యంగా పోతుంది, దానికి ఓపిక పట్టాలి.

టీచరమ్మ
ఇంటికి వచ్చే ఫిజియో గురించి ఎవరూ చెప్పలేదు. మొదటి వారం కూర్చుని ప్రయాణం చేయలేకపోతే ఇంటికే పిలిపించుకోండి. కానీ వచ్చిన మనిషి మడమల మీద, మునివేళ్ల మీద నడిపించి చూశాడా, కాలు ఎత్తి చూశాడా, అది గమనించండి. వచ్చీ రాగానే మిషన్ తగిలిస్తే మార్చేయండి.

మూడుచక్రాలు
అక్కా, నాదీ ఆటోనే, నాకూ ఎడమ కాలే. బ్రేకు కుడి కాలితో, క్లచ్ గేరు ఎడమ చేత్తో కాబట్టి కాలికి పెద్ద పని లేదు. దెబ్బ కొట్టేది కూర్చోవడం, గుంతలు. డాక్టర్ సరేనన్నాక, రాత్రి నిద్ర పట్టి, మంచం మీద నుంచి నొప్పి లేకుండా లేవగలిగాకే నేను తాళం తీశాను. మొదట పొద్దుటి పూట స్కూల్ పిల్లల కిరాయి ఒక్కటే. నడుము వెనక మడిచిన టవల్ పెట్టుకుంటా, స్టాండులో కూర్చోను, దిగి నడుస్తా. మొదట్లో తాడు లాగి స్టార్ట్ చేసే బండి ఉండేది, వంగి లాగాల్సి వచ్చేది, దాన్ని అమ్మేసి సెల్ఫ్ బండి తీసుకున్నా. మీ ఆయనది ఏ బండి?

మానేరుతీరం
తాడు బండే అన్నా. ఈ సంగతి మాకు తట్టనే లేదు.

మూడుచక్రాలు
అయితే ఆయన్ని అసలు లాగనివ్వొద్దు. స్టాండులో ఎవరినైనా లాగమనండి, మనోళ్లు కాదనరు. సెల్ఫ్ బిగించే మెకానిక్‌లు ఉంటారు, మీ బండికి కుదురుతుందో లేదో కనుక్కోండి. లగేజీ కిరాయి ఎంత ఇస్తానన్నా ఈ ఏడాది వద్దనండి.