యోహాను 15:13 లో "ప్రాణము పెట్టు" అంటే ఏంటి?

అందరికీ వందనాలు. "తన స్నేహితులకొరకు తన ప్రాణము పెట్టువానికంటె ఎక్కువైన ప్రేమగలవాడెవడును లేడు" అని బైబిల్లో యోహాను సువార్త 15:13. మామూలుగా మనం "ఆవిడ మనవడంటే ప్రాణం పెడుతుంది" అంటాం, అంటే చాలా ఇష్టం అని, అక్కడ ఎవరూ చనిపోరు కదా. మరి ఈ వాక్యంలో ఏ అర్థం తీసుకోవాలి? చనిపోవడమే అయితే ప్రాణము ఇచ్చు, ప్రాణము విడుచు అని వేయొచ్చుగా, పెట్టు అని ఎందుకు వేశారు? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

---

బ్రదర్, ఇక్కడ చనిపోవడమే, డౌట్ లేదు. ఆ మాటలు యేసు అన్నది సిలువకి ముందు రాత్రి. కానీ పెట్టు అన్నది చాలా మంచి ఎంపిక అని నా నమ్మకం. సువార్త మూలభాష గ్రీకులో అక్కడున్న క్రియ తిథేమి, పెట్టడం, ఉంచడం అనే మామూలు మాట. మంచి కాపరి గురించి 10:11 లో అదే, 10:18 లో అదే. "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అంటాడు చూడండి, ఒకళ్ళు లాక్కుంటే పోయింది కాదు, తనే పెట్టాడు. విడుచు అని ఉంటే ఈ బలం రాదు, ముసలితనంలో మంచం మీద పోయినా ప్రాణం విడిచాడనే అంటాం.

ఇంకోటి, ఇది నాకు ఎంతో ఇష్టం. 13:4 లో ఆయన శిష్యుల కాళ్ళు కడగబోతూ పైవస్త్రం తీసి అవతల పెట్టివేసి తువాలు కట్టుకుంటాడు. అక్కడా గ్రీకులో అదే తిథేమి, మన తెలుగులోనూ అదే పెట్టు. బట్ట పక్కన పెట్టి కాళ్ళు కడగడం, మర్నాడు ప్రాణం పెట్టడం, రెండింటికీ ఒకటే మాట. అందుకే మీరన్న మనవడి వాడుక కూడా దీనికి మరీ దూరం కాదు.

---

అన్నయ్యా బాగా చెప్పారు, కానీ వాక్యంలో స్నేహితులకొరకు అని ఉంది కదా, బొత్తిగా తెలియనివాళ్ళ కోసం పోతే? నాకు ఫాదర్ మాక్సిమిలియన్ కోల్బే గుర్తొస్తారు. పోలండ్ ఫ్రాన్సిస్కన్ గురువు, నాజీల ఆష్విట్జ్ క్యాంపులో ఖైదీ, నంబర్ 16670. 1941 జూలై చివర్లో ఒక ఖైదీ పారిపోయాడని పది మందిని ఆకలితో చంపడానికి ఎంచితే అందులో ఫ్రాన్సిషెక్ గయోవ్నిచెక్ అనే ఆయన నా భార్యా పిల్లలూ అని ఏడ్చాడు, కోల్బే లైన్లోంచి బయటికొచ్చి నేను క్యాథలిక్ గురువుని, అతనికి కుటుంబం ఉంది, అతని బదులు నేను వెళ్తాను అన్నారు. తిండీ నీళ్ళూ లేకుండా రెండు వారాలు, ఆ గదిలోంచి ప్రార్థనలు, పాటలు వినిపించేవట, చివరికి ఆగస్టు 14న కార్బాలిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారు. గయోవ్నిచెక్ 1995 దాకా బతికాడు, 1982లో కోల్బేని పునీతుడిగా ప్రకటించిన రోజు అక్కడే ఉన్నాడు. వాళ్ళిద్దరూ స్నేహితులు కారు కదా?

---

అక్కా, మంచి ప్రశ్న. రెండు వాక్యాల తర్వాత 15:15 లో "ఇక మిమ్మును దాసులని పిలువక స్నేహితులని పిలుచుచున్నాను" అంటాడు. అంటే ఆ పిలుపు ఆయన వైపు నుంచే వచ్చింది, వాళ్ళు ఏదో సంపాదించుకుంది కాదు, ఆ రాత్రే అందరూ వదిలేసి పారిపోయేవాళ్ళు కూడా. పైగా "నీకొరకు నా ప్రాణము పెట్టుదును" అని 13:37 లో ఇదే మాట వాడింది పేతురు, తెల్లారకముందే మూడుసార్లు ఎరగనన్నాడు. కోల్బే ఆ మనిషిని అలా పిలిచినట్టే నాకనిపిస్తుంది. మీరడిగిన తెలియనివాళ్ళ సంగతి నేరుగా కావాలంటే రోమా 5:7, 8 చూడండి, మనమింకా పాపులమై ఉండగానే అని పౌలు రాసింది అదే. అక్కడ మాత్రం పెట్టు కాదు, చనిపోవు అనే ఉంటుంది, గ్రీకులోనూ వేరే క్రియే.